మధ్యశ్రేణి గేమింగ్ కంప్యూటర్: మేడ్చల్, శామీర్‌పేటల్లో విడిభాగాల ఎంపిక

విడిభాగాలు ఒక్కొక్కటిగా కొని, ఆటలు ఆడుకోవడానికి వీలుగా కూర్చుకున్న డెస్క్‌టాప్‌కు ఇవాళ్టి పేరు గేమింగ్ పీసీ. తెలుగునాట దీని పాత పేరు అసెంబుల్డ్ సిస్టమ్. పెట్టె మొత్తాన్నీ ‘సీపీయూ’ అనేయడం మనకు అలవాటు. అసలు సీపీయూ అంటే ఆ పెట్టె లోపల ఇంచుమించు అగ్గిపెట్టె సైజులో ఉండే ప్రాసెసర్ చిప్పు ఒక్కటే. మధ్యశ్రేణి అంటే ఎంత అన్నది ఏటేటా మారే సంగతి. ఈ వ్యాసంలో మాత్రం మానిటర్, కీబోర్డు, మౌస్ కాకుండా 60 వేల నుంచి లక్ష రూపాయల లోపు ఖర్చును మధ్యశ్రేణిగా తీసుకున్నాం.

ఈ ధరలో ఏ చిప్పు మేలో తేల్చే లెక్క ఊరూరికీ పెద్దగా మారదు. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతంలో మాత్రం ఆ లెక్కకు కరెంటు, ఎండ కూడా తోడవుతాయి. అందువల్ల ఇక్కడ గ్రాఫిక్స్ కార్డుకు మొదటి పీట వేస్తే, రెండోది ప్రాసెసర్‌కు కాదు, కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎంపీఎస్‌కు వేయాలి. కొనేవారిలో చాలామంది దాన్ని ఆఖరున, మిగిలిన చిల్లరతో కొంటారు. ఆ తప్పు తెలిసేది మొదటి వేసవిలోనే.

రెండు రోడ్లు కలిసే చోటు

మేడ్చల్ 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. శామీర్‌పేట కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద ఉంది. ఒకటి కొంపల్లి, సుచిత్ర, బోయిన్‌పల్లి మీదుగా, రెండోది తూంకుంట, హకీంపేట, అల్వాల్, కార్ఖానా మీదుగా వచ్చి చివరికి సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరికే చేరతాయి. ఆ కూడలికి నడిచి వెళ్లేంత దూరంలో, పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. అందరి నోటా అది సీటీసీ. ఢిల్లీకి నెహ్రూ ప్లేస్, ముంబైకి లామింగ్టన్ రోడ్డు, బెంగళూరుకు ఎస్పీ రోడ్డు, చెన్నైకి రిచీ స్ట్రీట్ ఎలాగో హైదరాబాద్‌కు సీటీసీ అలాగ. ఉత్తర శివారు వాళ్లకు ఇది ఒక రకంగా అదృష్టం. ఏ రోడ్డు పట్టుకున్నా పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూగా నేరుగా ఆ బజారు తగులుతుంది. మేడ్చల్ నుంచి 229 నంబరు బస్సుంది, 2023 ఏప్రిల్ నుంచి ఎంఎంటీఎస్ రైలు కూడా నడుస్తోంది. అయితే క్యాబినెట్ డబ్బా పట్టుకుని రద్దీ బస్సెక్కిన వాళ్లెవరూ రెండోసారి ఆ పని చేయరు.

కొనేవారు ఎవరన్నది ఊళ్ల రూపురేఖలే చెబుతాయి. రంగారెడ్డి జిల్లా నుంచి విడదీసి 2016 అక్టోబరు 11న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాను ఏర్పాటు చేశారు. శామీర్‌పేట పక్క 2008లో మొదలైన బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణం, 1998లో స్థాపించిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, తుర్కపల్లి దగ్గర మందుల పరిశోధనకు పేరుపడ్డ జీనోమ్ వ్యాలీ ఉన్నాయి. మేడ్చల్ పక్క కండ్లకోయ, మైసమ్మగూడల్లో ఇంజినీరింగ్ కాలేజీలు. హాస్టల్లో ఉండే పిల్లలు ల్యాప్‌టాప్ కొనక తప్పదు. ఇంటి నుంచి కాలేజీకి వెళ్లొచ్చేవాళ్లు, కొత్త లేఅవుట్లలో ఫ్లాట్ కొనుక్కున్న చిన్న ఉద్యోగులు మాత్రం డెస్క్‌టాప్ వైపు చూస్తారు. అదే డబ్బుకు ల్యాప్‌టాప్ కన్నా వేగం ఎక్కువ, పాడైన భాగాన్ని ఒక్కదాన్నే మార్చుకోవచ్చు, రెండేళ్ల తర్వాత కార్డు ఒక్కటి మారిస్తే సరిపోతుంది.

ఈ కొనుగోలు చాలా ఇళ్లలో చదువు పేరుమీదే జరుగుతుంది. అది పూర్తిగా అబద్ధమూ కాదు. ఎన్విడియా 2007లో విడుదల చేసిన ‘కూడా’ అనే సాఫ్ట్‌వేర్ వేదిక వల్ల, ఆటల కోసం పుట్టిన కార్డే మెషిన్ లెర్నింగ్ పాఠాలకూ పనికొస్తోంది. నాన్నను ఒప్పించడానికి ఇంతకన్నా పనికొచ్చిన సాంకేతిక పరిణామం మరొకటి లేదు.

అసెంబుల్డ్ సంప్రదాయం

1981లో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను ఎక్కువగా బయట దొరికే భాగాలతోనే తయారుచేసి, దాని నిర్మాణ వివరాలను బయటపెట్టింది. ఇతర కంపెనీలు సరిగ్గా సరిపోయే బోర్డులు, కార్డులు చేయడం మొదలుపెట్టాయి. ఎవరి భాగాన్నయినా ఎవరి పెట్టెలోనైనా బిగించుకునే వీలు అక్కడి నుంచే వచ్చింది. 1995లో ఇంటెల్ ప్రకటించిన ఏటీఎక్స్ కొలతలు బోర్డు రంధ్రాల దగ్గర్నుంచి ఎస్‌ఎంపీఎస్ మరల దాకా ఒక ఒరవడి పెట్టాయి. ముప్పై ఏళ్ల తర్వాత కూడా అవే కొలతలు చెల్లుతున్నాయి. భారత్ 1997లో ప్రపంచ వాణిజ్య సంస్థ సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరాక కంప్యూటర్ భాగాల మీద దిగుమతి సుంకాలు మెల్లగా తొలగిపోయాయి. ఇప్పుడు కొనేవాడి మీద పడేది ప్రధానంగా 18 శాతం జీఎస్టీ.

2000 తర్వాతి దశాబ్దంలో పెరిగిన తెలుగు పిల్లలకు ఆటలంటే నెట్ సెంటర్లో గంట లెక్కన ఆడిన డేవ్, రోడ్ రాష్, వైస్ సిటీ, క్రికెట్ 07. వాటిలో చాలావాటికి బోర్డులోనే ఉన్న గ్రాఫిక్స్‌తో పని జరిగిపోయేది. ‘గ్రాఫిక్స్ కార్డు ఉందా?’ అన్న ప్రశ్న ఇంటింటి ప్రశ్న అయింది ఆ తర్వాతే.

మరో విశేషం. ఏఎండీ, ఎన్విడియా, ఇంటెల్, మైక్రాన్ నాలుగింటికీ హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ కార్యాలయాలున్నాయి. నగరం పడమటి వైపున కొంత రూపకల్పన జరుపుకున్న చిప్పు తైవాన్‌లో తయారై, ఇంకో దేశంలో కార్డుగా బిగించుకుని, ఓడెక్కి వచ్చి పార్క్‌లేన్‌లో అమ్ముడవుతోంది.

గ్రాఫిక్స్ కార్డు: మొదట తెర, తర్వాత కార్డు

బడ్జెట్‌లో మూడో వంతు నుంచి సగం దాకా కార్డుకే పోతుంది, పోవాలి కూడా. అయితే ఎంత కార్డు అన్నది కార్డును బట్టి కాదు, తెరను బట్టి తేలాలి. 1080పీ తెరమీద సుమారు 20.7 లక్షల చుక్కలుంటాయి. 1440పీ తెరమీద 36.9 లక్షలు, 4కే తెరమీద 82.9 లక్షలు. కార్డు ప్రతి ఫ్రేముకూ ఈ చుక్కలన్నిటికీ రంగు లెక్కకట్టాలి. 60 హెర్ట్జ్ తెరకు ఒక్కో ఫ్రేముకు దొరికే సమయం 16.7 మిల్లీసెకన్లు, 144 హెర్ట్జ్ తెరకు 6.9. ఇంట్లో ఉన్న పాత 60 హెర్ట్జ్ తెరకే తగిలించాలనుకుంటే పెద్ద కార్డు కొనడం ఊరేగింపులో రేసు బండి నడపడమే. లక్ష లోపు వ్యవస్థకు 1080పీ లేదా 1440పీ తెరే న్యాయం.

తెర తర్వాత చూడాల్సింది కార్డు సొంత జ్ఞాపకశక్తి, అంటే వీర్యామ్. 2023 జూన్‌లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060, 2025 మేలో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5060 రెండింటిలోనూ ఉన్నది 8 జీబీయే. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి పోటీ ఆటలకు అది చాలు. వాటిలో కార్డు కన్నా ప్రాసెసరే ముందు అలసిపోతుంది. కథ నడిచే కొత్త పెద్ద ఆటల్లో, బొమ్మల నాణ్యత పెంచినప్పుడు 8 జీబీ నిండిపోతుంది. నిండిన సరుకు మామూలు ర్యామ్‌లోకి పొర్లి, కార్డును బోర్డుతో కలిపే పీసీఐఈ దారి గుండా రాకపోకలు సాగించాలి. ఆట ఆగి ఆగి నడిచేది అప్పుడే. సగటు వేగం బాగానే కనిపిస్తుంది, ఆడేవాడికి మాత్రం కుదుపులు తెలుస్తుంటాయి. అందుకని ఎక్కువ జ్ఞాపకశక్తి ఉన్న కార్డులే ఈ శ్రేణిలో పెట్టిన డబ్బుకు నిలబడతాయి. 2024 డిసెంబరులో ఇంటెల్ 249 డాలర్లకు ప్రకటించిన ఆర్క్ బీ580లో 12 జీబీ ఉంది. 2025 జూన్‌లో ఏఎండీ తెచ్చిన ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీలో 16 జీబీ రకానికి ప్రకటించిన ధర 349 డాలర్లు. 2025 ఏప్రిల్ నాటి ఆర్‌టీఎక్స్ 5060 టీఐలో 16 జీబీ రకానికి ప్రకటించిన ధర 429 డాలర్లు. చివరి రెండింటి 8 జీబీ రకాలను కూడా అదే పేరుతో అమ్ముతున్నారు. డబ్బా మీద అంకె చూడకుండా పేరు మాత్రమే చూసి కొంటే మోసపోతాం.

ఆటలే ధ్యేయమైతే 16 జీబీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ మెరుగైన బేరం. కాలేజీలో మెషిన్ లెర్నింగ్ పని నిజంగానే ఉంటే, ‘కూడా’ వేదిక కోసం ఎన్విడియాకు ఎక్కువ పెట్టొచ్చు. ఆర్క్ చవకే గానీ పాత ప్రాసెసర్‌తో దాన్ని జతచేయకూడదు. బయోస్‌లో రీసైజబుల్ బార్ అనే సౌకర్యం లేకపోతే దాని వేగం బాగా పడిపోతుంది. బీజీఎంఐ ఆడటానికే అడుగుతున్న అబ్బాయికి ఇవేవీ అక్కరలేదు, అది ఫోను ఆట.

డాలర్ ధరను చూసి, ఇక్కడ దుకాణదారు దోచుకుంటున్నాడని అనుకునేవాళ్లు ఒక చిన్న లెక్క వేసుకోవాలి. 299 డాలర్ల కార్డు ధరను 85 రూపాయల చొప్పున మారిస్తే 25,415. దానికి 18 శాతం పన్ను కలిపితే 30 వేలకు పది రూపాయలు తక్కువ. అమెరికాలో ప్రకటించే ధరలో పన్ను ఉండదు, మన దగ్గర బిల్లులో అది ఉంటుంది. రవాణా, దిగుమతిదారు లాభం ఇంకా దీనిమీదే.

ప్రాసెసర్, మదర్‌బోర్డు

ఈ బడ్జెట్‌లో ఆరు కోర్ల ప్రాసెసర్ చాలు. ఎనిమిది కోర్లు కొని కార్డును తగ్గించుకోవడం వెనకటి నుంచీ జరుగుతున్న పొరపాటు. ఏఎండీ వైపు 2022 ఏప్రిల్ నాటి రైజెన్ 5 5600, 2023 జనవరి నాటి రైజెన్ 5 7600, ఇంటెల్ వైపు 2022 జనవరి నాటి ఐ5-12400ఎఫ్ చాలాకాలంగా ఈ శ్రేణికి ఆధారం. ఇంటెల్ పేర్ల చివర ‘ఎఫ్’ ఉంటే అందులో సొంత గ్రాఫిక్స్ ఉండవు. కార్డు చెడిపోయి వారంటీకి వెళ్లిన మూడు వారాలూ తెర నల్లగానే ఉంటుంది. రైజెన్ 7600లో చిన్నపాటి గ్రాఫిక్స్ ఉన్నాయి, కనీసం పరీక్షకు ఆన్‌లైన్‌లో ఫీజు కట్టుకోవచ్చు.

సాకెట్ అనేది ప్రాసెసర్ కూర్చునే పీఠం. ఏఎండీ ఏఎం4 పీఠం 2016లో మొదలైంది, దాదాపు పదేళ్లుగా కొత్త చిప్పులు దానిమీద కూర్చుంటూ వచ్చాయి. 2022 సెప్టెంబరులో వచ్చిన ఏఎం5ను 2027 దాకానూ, ఆ పైనా కొనసాగిస్తామని కంపెనీ మాట ఇచ్చింది. ఇంటెల్ 12, 13, 14 తరాలకు ఒకే పీఠం వాడి, 2024 అక్టోబరులో కొత్తదానికి మారింది. నాలుగేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటి మార్చుకుందామనుకునేవారికి ఏఎం5 బోర్డు మంచి పునాది. అంత దూరం ఆలోచన లేనివారికి ఏఎం4 చవక.

చవకలోనూ ఒక ఉచ్చు ఉంది. రైజెన్ 5 5500, రైజెన్ 5 5600 పేర్లలో తేడా ఒక్క అంకే. కానీ 5500లో ఎల్3 క్యాష్ 16 ఎంబీ, 5600లో 32 ఎంబీ. పైగా 5500కు ఉన్నది పాత మూడో తరం పీసీఐఈ దారి. ఆర్‌టీఎక్స్ 4060, 5060 లాంటి కార్డులు పదహారు వరసల స్లాట్‌లో ఎనిమిదే వాడుకుంటాయి. ఇరుకు దారి, అందులో సగం వెడల్పు, పైగా కార్డులో 8 జీబీ: ఈ మూడూ కలిస్తే ఇందాక చెప్పిన కుదుపులు రెట్టింపవుతాయి. ‘రెండూ ఒకటే’ అనే కౌంటర్ మాటను ఇక్కడ నమ్మకూడదు.

ఇంటెల్ 13, 14 తరాల్లో ఐ5 కే రకాలు, ఐ7, ఐ9 చిప్పులకు అధిక వోల్టేజీ వల్ల కాలక్రమంలో దెబ్బతినే లోపం బయటపడింది. 2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో కంపెనీ మైక్రోకోడ్ సవరణలు విడుదల చేసి, వారంటీని రెండేళ్లు పెంచింది. వీటిని సెకండ్ హ్యాండ్‌లో కొనడం మానుకోవడమే మంచిది. 12వ తరానికి ఈ జబ్బు లేదు.

బోర్డు గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. బీ550, బీ650, బీ760 తరహా మైక్రో ఏటీఎక్స్ బోర్డు సరిపోతుంది. వెలుగులు, బొమ్మలు ఉన్న ఖరీదైన బోర్డు ఒక్క ఫ్రేము కూడా పెంచదు. టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ బయోస్‌లో ఆన్ చేసి ఉన్నాయో లేదో మాత్రం చూసుకోవాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11కు టీపీఎం కావాలి, అందులో వాలరెంట్ ఆడాలన్నా ఈ రెండూ కావాలి.

ర్యామ్ కరువు

నాలుగేళ్ల కిందట ర్యామ్ గురించి ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది: రెండు స్టిక్కులు కొనండి, ఒకటి వద్దు. ఆ సలహా ఇప్పటికీ నిజమే. ఒకే స్టిక్కు పెడితే ప్రాసెసర్ జ్ఞాపకశక్తితో మాట్లాడే దారి సగానికి తగ్గుతుంది. ఏఎం5కు డీడీఆర్5 6000 వేగం అనువైనది. బయోస్‌లో ఎక్స్‌పో లేదా ఎక్స్‌ఎంపీ ఆన్ చేయకపోతే 6000 అని డబ్బు పెట్టి కొన్న ర్యామ్ తక్కువ వేగంతోనే నడుస్తుంది. ఏళ్ల తరబడి అలాగే నడుపుకున్నవాళ్లూ ఉన్నారు.

2025 ఆఖరి నెలల్లో పరిస్థితి తిరగబడింది. ప్రపంచానికి కావలసిన డీర్యామ్‌లో సింహభాగం శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీల నుంచే వస్తుంది. కృత్రిమ మేధ డేటా సెంటర్లు అడిగే హెచ్‌బీఎం జ్ఞాపకశక్తికి లాభం ఎక్కువ కావడంతో అవి తమ తయారీని అటు మళ్లించాయి. డీడీఆర్5 చిల్లర ధరలు నెలల్లోనే రెట్టింపు దాటిపోయాయి. డీడీఆర్4 తయారీని తగ్గించడంతో అదీ పెరిగింది. 2025 డిసెంబరులో మైక్రాన్ తన క్రూషియల్ పేరుతో సాగే వినియోగదారుల వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. సీటీసీలో ఆ పేరు తెలియని కుర్రాడు ఉండడు.

కాబట్టి పాత కొటేషన్ చేతబట్టుకుని బజారుకు వెళ్లడం దండగ. ఇంట్లో పాత డెస్క్‌టాప్ నుంచి డీడీఆర్4 స్టిక్కులు మిగిలి ఉంటే, వాటిని ఆధారం చేసుకుని ఏఎం4 వ్యవస్థ కట్టుకోవడం ఈ కాలానికి తెలివైన పని. కొత్తగా కొనేవారు 32 జీబీ బదులు రెండు 8 జీబీ స్టిక్కులతో మొదలుపెట్టి, ధర దిగాక పెంచుకోవచ్చు. కార్డును తగ్గించి ర్యామ్ పెంచడం మాత్రం తగదు.

నిల్వకు 1 టీబీ ఎన్‌వీఎంఈ డ్రైవ్ ఒకటి. నాలుగో తరం డ్రైవ్ సెకనుకు 7,000 ఎంబీ దాకా చదివితే మూడో తరంది 3,500 దాకా, సాటా డ్రైవ్ 550 చదువుతాయి. ఆట తెరుచుకునే సమయంలో మొదటి రెండింటి మధ్య తేడా కంటికి ఆనదు.

కరెంటు

ఇక అసలు విషయం. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. మేడ్చల్ చుట్టూ పారిశ్రామికవాడలు, కొత్త కాలనీల్లో అపార్ట్‌మెంటుకో బోరు. పెద్ద మోటారు ఆన్ అయినప్పుడల్లా ఆ లైను మీద వోల్టేజీ ఒక్క క్షణం కుంగుతుంది. ఏప్రిల్, మే నెలల గాలివానలకు కరెంటు పోయి వస్తూ ఉంటుంది. ఈ కుదుపులను ఓర్చుకోవాల్సిన భాగం ఎస్‌ఎంపీఎస్. అది చస్తూ చస్తూ కార్డునూ బోర్డునూ తీసుకుపోగలదు.

క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్‌ను ఎలా కనిపెట్టాలి? వెనక ఎర్రటి 115/230 స్విచ్ ఉంటే అది పాత రకం అని అనుమానించాలి. పక్కన అంటించిన పట్టికలో 12 వోల్టుల గడి చూడాలి. కార్డు, ప్రాసెసర్ తాగే కరెంటంతా దాదాపు ఆ గడి నుంచే వస్తుంది. అక్కడున్న ఆంపియర్లను 12తో గుణిస్తే అసలు సత్తా తెలుస్తుంది. 45 ఆంపియర్లు ఉంటే 540 వాట్లు, అది నిజాయితీగల 550 వాట్ల సరుకు. డబ్బా మీద 450 అని రాసి, గడిలో 16 ఆంపియర్లే ఉంటే చేతికొచ్చేది 192 వాట్లు. మంచి యూనిట్ల మీద 100-240 వోల్టులు అని ఉంటుంది. అలాంటిదానికి స్టెబిలైజర్ అవసరం లేదు, వోల్టేజీ కుంగినా తనే సర్దుకుంటుంది.

ఎన్ని వాట్లు కావాలి? 115 వాట్ల ఆర్‌టీఎక్స్ 4060, 65 వాట్ల తరగతి ప్రాసెసర్, మిగతావన్నీ కలిపి ఆట సమయంలో 250 వాట్ల చుట్టూ తేలతాయి. 180 వాట్ల 5060 టీఐ పెట్టినా 550 వాట్లు పుష్కలం. 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర అంటే సగం భారం మీద సుమారు 85 శాతం సామర్థ్యం, గోల్డ్ అంటే 90. ఈ ముద్ర సామర్థ్యానికే గానీ మన్నికకు హామీ కాదు. మన్నికకు గుర్తు వారంటీ: ఐదేళ్లు ఇచ్చే కంపెనీ సరుకు మీద దానికే నమ్మకం ఉందన్నమాట.

ఎర్తింగ్ సంగతి చాలామంది పట్టించుకోరు. క్యాబినెట్ ఇనుప అంచును ముట్టుకుంటే జివ్వుమనడం మనకు మామూలు అనుభవం. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు చిల్లర కరెంటును ఎర్త్‌లోకి పంపాలి. ఎర్త్ లేకపోతే అది పెట్టె మీదే నిలుస్తుంది. ప్రాణం తీసేంత కాదు గానీ, కార్డులకు మంచిది కాదు. కంప్యూటర్ కొనేముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మూడో పిన్నును పరీక్షింపజేయడం ఈ వ్యాసంలోకెల్లా చవకైన సలహా.

యూపీఎస్ కొనేటప్పుడు వీఏ అంకెను వాట్లనుకోవద్దు. 600 వీఏ యూపీఎస్ నిజంగా మోసేది 360 వాట్ల చుట్టూ. గేమింగ్ వ్యవస్థకు 1000 వీఏ పైన చూసుకోవాలి, అదీ ఆట ముగించి షట్‌డౌన్ చేసుకునే వ్యవధికే. ఇంటి ఇన్వర్టర్‌తోనే నడపాలనుకుంటే దానిమీద ‘యూపీఎస్ మోడ్’ ఉండాలి. ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం కరెంటు తెగాక ఎస్‌ఎంపీఎస్ సుమారు 17 మిల్లీసెకన్లు తన ఊపిరి మీద తాను నిలవాలి. ఇన్వర్టర్ అంతకన్నా ఆలస్యంగా అందుకుంటే కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. చవక స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లు మంచి ఎస్‌ఎంపీఎస్‌లకు సరిపడవు, ప్యూర్ సైన్ వేవ్‌దే తీసుకోవాలి.

బిల్లు లెక్క కూడా ఉంది. మానిటర్‌తో కలిపి 280 వాట్లు, రోజుకు నాలుగు గంటలు అంటే నెలకు సుమారు 34 యూనిట్లు. 2024 మార్చి నుంచి అమల్లో ఉన్న గృహజ్యోతి పథకంలో నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హుల ఇళ్లకు బిల్లు సున్నా. దాటితే మొత్తం బిల్లు కట్టాలి. 175 యూనిట్ల దగ్గర నడుస్తున్న ఇంట్లోకి ఈ పెట్టె వస్తే ఏమవుతుందో అమ్మకు ముందే చెప్పడం మేలు.

ఎండ, దుమ్ము

ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర కొలిచిన వేడి అంకెలు మే నెల మధ్యాహ్నం మూడో అంతస్తు గదికి వర్తించవు. గదిలో 40 డిగ్రీలుంటే ఆ 15 డిగ్రీల తేడా దాదాపు అంతా చిప్పు మీదికి చేరుతుంది. రైజెన్ 7600 హద్దు 95 డిగ్రీలు, 5600 హద్దు 90. ఆ గీత దగ్గరికి రాగానే చిప్పు తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. పాడవదు, నెమ్మదిస్తుంది. ముందువైపు అద్దం ఉన్న క్యాబినెట్ షోరూంలో అందంగా ఉంటుంది గానీ, ఈ ప్రాంతానికి ముందు జాలీ ఉన్నదే పనికొస్తుంది. ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి, వెనక ఒకటి బయటికి. లోపలికి వచ్చే గాలి ఎక్కువగా ఉంటే దుమ్ము సందుల్లోంచి కాకుండా జాలీ దగ్గరే ఆగుతుంది. హైవే పక్క, కొత్త నిర్మాణాల పక్క ఇళ్లలో ఆ జాలీని నెలకోసారి కడగాలి. కంప్యూటర్‌ను చెక్క టేబుల్ అరలో మూసిపెట్టడం మన ఇళ్లలో ఇంకా పోని అలవాటు.

ఆరు కోర్ల చిప్పుకు నీళ్లతో చల్లబరిచే కూలర్ అనవసరం. రెండు వేల రూపాయల ఎయిర్ కూలర్ ఆ పని చేస్తుంది, మిగిలింది ఎస్‌ఎంపీఎస్‌లో పెట్టండి.

సెకండ్ హ్యాండ్, బిల్లు

2022 సెప్టెంబరు 15న ఈథీరియం అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్ విధానం వదిలేయడంతో అప్పటిదాకా ఆ పనిలో రాత్రింబవళ్లు నడిచిన వేల కార్డులు పాత సరుకుగా బజారులోకి వచ్చాయి. వాటిలో కొన్ని ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. మైనింగ్ కార్డు తప్పనిసరిగా చెడ్డదేమీ కాదు. చిప్పు కన్నా ముందు ఫ్యాన్లు, జ్ఞాపకశక్తి మీది థర్మల్ ప్యాడ్లు అరుగుతాయి. ఎదుటే అరగంట బరువైన ఆట నడిపి చూసి, బిల్లు, సీరియల్ నంబరు సరిపోల్చుకుని తీసుకోవచ్చు. ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రం పాతది ఎంత చవకగా వచ్చినా కొనకూడదు.

కౌంటర్ దగ్గర ‘అన్నా, బిల్లు లేకుండా ఎంతకిస్తావ్?’ అన్న మాట ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. పన్ను తప్పించుకుని మిగుల్చుకున్న డబ్బుకు వారంటీని అమ్ముకున్నట్టే. గ్రాఫిక్స్ కార్డులకు సాధారణంగా మూడేళ్లు, మంచి ఎస్‌ఎంపీఎస్‌లకు ఐదు నుంచి పదేళ్లు వారంటీ ఉంటుంది. దాన్ని అడిగే రోజున చాలా కంపెనీలు చూసేది తేదీ వేసిన జీఎస్టీ బిల్లు. ప్రతి భాగం సీరియల్ నంబరూ ఆ బిల్లు మీద రాయించుకోండి, అక్కడే ఫోటో తీసి దాచుకోండి, ఖాళీ డబ్బాలను అటకెక్కించండి. థర్మల్ కాగితం బిల్లు అయితే రెండు వేసవుల్లో అక్షరాలు వెలిసిపోతాయి.